ఆట వలన విడుపు

బూరి దాలినాయుడు పదిమందిలో చెయ్యెత్తింది బతుకు మొత్తంలో ఒక్కసారే. బళ్లో చదువుకున్నన్నాళ్లూ ఎత్తలేదు, జవాబు తెలిసినప్పుడు కూడా. గ్రామసభలో ఎత్తలేదు. అసలు మాట్లాడ్డమే తక్కువ మనిషి. నోట్లోంచి మాట రావాలంటే ముందు గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, ఆఖరికి మానుకునే రకం. అలాంటివాడు ఎత్తిన ఆ ఒక్క చెయ్యీ దించుకోడానికి వానాకాలం చాల్లేదు, శీతాకాలం కూడా కలుపుకోవాల్సి వచ్చింది.

దాలినాయుడి ఊరు గెడ్డకి అవతల. బడి ఇవతల. గెడ్డంటే కొండ మీంచి దిగే వాగు. ఎండాకాలం మేకపిల్ల కూడా దాటేస్తుంది, వానలు పడితే మోకాలి పైకొస్తుంది. అతనికి ఒక్కతే కూతురు, గౌరీశ్వరి, ఆరో ఏడు నడుస్తోంది. వానలు మొదలైతే ఆ పిల్లని భుజానికెత్తుకుని గెడ్డ దాటించి బళ్లో దిగబెట్టాలి, సాయంత్రం మళ్లీ ఎత్తుకు రావాలి. కొన్నాళ్లు చేశాడు. తర్వాత ఓ రోజు "నీరెక్కువుంది" అన్నాడు. ఇంకో రోజు "నడుం పట్టీసింది" అన్నాడు. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా బరువనిపించి మానేశాడు.

దమయంతి అతని భార్య, మేనత్త కూతురు. మాట అప్పుపెట్టుకునే మనిషి కాదు.

"బావా, గుంటని బడికి తీసికెళ్లవేటి?"

"నీరెక్కువుందే."

"గేదెని రోజూ దాటిస్తన్నావు. దానికి నీరెక్కువ నేదేటి?"

"గేదె ఈదుద్ది."

"గుంటకి ఈత రాదు గాబట్టి సదువు కూడా రాకూడదేటి?"

దాలినాయుడు పలుగు భుజాన వేసుకుని పొలం పోయాడు. గౌరీశ్వరి దొడ్లో మిగిలింది. పొద్దున్నే మట్టి తడిపేది. మధ్యాన్నం తాటికాయ బుర్రలకి పుల్ల గుచ్చి బండి తోలేది. సాయంత్రానికి ఒళ్లంతా ఒకే రంగులో ఉండేది. తల్లి తలకి పోస్తూ తిట్టేది. రోజులలా బాగానే వెళ్లిపోతున్నాయి.

ఆ మధ్య మండలం ఆఫీసులో మీటింగు పెట్టారు. దాలినాయుడు వెళ్లింది మోటారుకి కరెంటు అర్జీ పెట్టుకోడానికి. కుర్చీలు నిండలేదని వరండాలో ఉన్నవాళ్లనందర్నీ లోపలికి తోలారు. చేతిలో పులిహోర పొట్లం పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒకావిడ తెర మీద బొమ్మలు వేసి, చిన్నపిల్లలకి బడే వద్దంటోంది. ఇల్లే బడట. ఆటే చదువట. ఏ ఋతువులో ఏది దొరికితే దాంతో బొమ్మలు చేసుకోవాలట, ఆరుబయట తిరగాలట. తెర మీద పిల్లలు ఆకులేరుతున్నారు, బురదలో గెంతుతున్నారు. సభంతా ఆహా అంటోంది.

'ఇదేటి, మా గుంట సేసే అల్లరే కదా' అనుకున్నాడు దాలినాయుడు.

అప్పుడు లేచారు ప్రభంజనరావుగారు. గృహ క్రీడా విద్య అనే కొత్త విభాగానికి మండలంలో ఆయనే అధికారి. తెలుగంటే ప్రాణం. ఆఫీసు తెలుగంటే పంచప్రాణాలు.

"ఈ మండలమునందు ఇట్టి మహత్తర విధానమును ఇదివరకే ఆచరణలో పెట్టియున్న తల్లిదండ్రులు ఎవరైననూ కలరా?"

ఎవరూ లేరు. పట్నం ఆవిడ ముఖం చిన్నబోయింది. దాలినాయుడి చెయ్యి లేచింది.

ఎందుకు లేచిందో అతను తర్వాత చాలాసార్లు ఆలోచించాడు. పులిహోర పెట్టారన్న మొహమాటం కొంత. అసలు సంగతి వేరు. తాను దొడ్లో ఒగ్గేసిన పిల్ల తెర మీద అంత అందంగా కనబడేసరికి, ఇన్నాళ్లూ తనది బద్ధకం అనుకున్నది బద్ధకం కాదనీ, అది ముందుచూపనీ అతనికి గట్టిగా అనిపించింది. అలా అనిపించినప్పుడు చెయ్యి దానంతటదే లేస్తుంది.

"ఎప్పటి నుండి అమలుపరచుచున్నారు?"

"వానలు పడ్డకాడ్నించండి."

"విన్నారా! వర్ష ఋతువారంభము నుండి! ఋతువును బట్టియే ఆరంభించినారు!"

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. కరెంటు అర్జీ మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఇంటికొచ్చాక దమయంతి శాలువా అంచు పట్టుకుని చూసింది.

"ఎందుకు కప్పినారు?"

"గుంటని ఇంటికాడ పెంచతన్నామని."

"బడి మాన్పించినందుకు శాలువా కప్పినారా! ఇంకా నయం, అన్నం కూడా మాన్పించీసుంటే బంగారు కడియం ఏసేద్దురు."

దాలినాయుడు శాలువా మడిచి దండెం మీద వేశాడు. బాగానే ఉంది శాలువా. చలికాలం పనికొస్తుందనుకున్నాడు.

వారం తిరక్కుండానే గుమ్మం మీద బోర్డెక్కింది: ఋతు క్రీడా గృహ విద్యా కేంద్రం. కేంద్ర ప్రధానోపాధ్యాయుడు: బూరి దాలినాయుడు. విద్యార్థినీ విద్యార్థులు: గౌరీశ్వరి. బడి ఆవరణలో పశువులుండకూడదు కాబట్టి గేదెని పక్కింటివాళ్ల పాకలో కట్టెయ్యాల్సి వచ్చింది. గంట ఉండాలన్నారు. దాలినాయుడు పాత నాగలి కర్రు వెదికి చూరుకి వేలాడదీశాడు. కర్రు మోగితే ఆటలు మొదలు, మళ్లీ మోగితే ఆఖరు.

మొదటి తనిఖీకి ప్రభంజనరావుగారు స్కూటరు బడి వైపు గట్టునే పెట్టి, పంచె ఎగ్గట్టి, నడిచొచ్చారు. గౌరీశ్వరి దొడ్లో గొంతుక్కూచుని ఉంది.

"ఈ బాలిక ఏమి చేయుచున్నది?"

"ఆడతందండి."

"అది గోచరమగుచునే యున్నది. ఏ ఆట?"

దాలినాయుడికి తెలీదు. ఇన్నాళ్లలో ఎప్పుడూ అడగలేదు. "ఏటాటే అమ్మీ?" అన్నాడు.

గౌరీశ్వరి తలెత్తలేదు. "ఆటేటి! ఇది కప్ప. ఇది కప్పోలమ్మ. కప్ప బడికెల్తానంతంది. కప్పోలయ్యకి నడుం పట్టీసింది."

గుమ్మంలో దమయంతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దాలినాయుడు ఆకాశం చూశాడు.

ప్రభంజనరావుగారు సంచీలోంచి కాగితం తీశారు. "కప్పోలయ్య అను ఆట మా పట్టికలో లేదు. దీనికి చేరువగా నున్నది మృణ్మయ కళ, అనగా మట్టిబొమ్మలు. అది వసంత ఋతువునకు కేటాయింపబడినది. ప్రస్తుతము వర్ష ఋతువు. కాగితపు పడవలు చేయించవలెను."

"మట్టి ఇప్పుడే కదండీ తడిగుంటాది. ఎండల్లో బొమ్మ నిలవదండి."

"దాలినాయుడుగారూ, ఇది మట్టికి సంబంధించిన విషయము కాదు. పట్టికకు సంబంధించిన విషయము."

అలా కప్పా, కప్పోలమ్మా, నడుం పట్టేసిన కప్పోలయ్యా వసంతానికి వాయిదా పడ్డారు. పడవలు చేశారు. గెడ్డలో వదలడం ప్రమాదకరమట, అందుకని గంగాళంలో నీళ్లు పోశారు. అక్కడ మళ్లీ చిక్కొచ్చింది. పట్టికలో 'వాన నీటిలో' అనుంది, బయట ఎండ కాస్తోంది. ప్రధానోపాధ్యాయుడు పీటెక్కి చెంబుతో పైనుంచి వాన కురిపించాడు. పీట మీంచి కురిసిన ఆ వాననీ గంగాళాన్నీ మార్చి మార్చి చూసి గౌరీశ్వరి, "నాన్నా, నీకు ఒంట్లో బాగానేదా?" అంది. అంతలో నిజం వాన మొదలైంది. వెంటనే ప్రభంజనరావుగారు, "బాలిక తడిసిన యెడల బాధ్యత కేంద్రముదే. లోనికి పంపుడు" అన్నారు. వాన పాఠం వాన వల్ల రద్దయింది.

జామచెట్టు దగ్గరికి వెళ్లడం బాహ్య విహారం కిందికొచ్చింది. బాహ్య విహారానికి తండ్రి అనుమతి కావాలి. ప్రధానోపాధ్యాయుడు దాలినాయుడు, విద్యార్థిని తండ్రి దాలినాయుడికి కబురు రాసి, సంతకం తీసుకుని మండలానికి పంపాలి. తీసుకున్నాడు, పంపాడు. ఆ కాగితం తిరిగొచ్చింది. రెండు సంతకాలూ ఒకలాగే ఉన్నాయనీ, ప్రధానోపాధ్యాయుడే తండ్రి సంతకాన్ని కూడా పెట్టి ఉంటాడని అనుమానంగా ఉందనీ, విచారణ తప్పదనీ. అప్పట్నుంచీ తండ్రి సంతకం ఎడంచేత్తో పెట్టేవాడు. అది పెట్టేలోగా జామకాయలు చిలకలు తినేసేవి.

ఇవన్నీ ఎలాగోలా నెట్టుకొచ్చేవాడే. కొంప ముంచింది ఒక మాట.

మామూలు బళ్లలో మధ్యలో పిల్లల్ని కాసేపు వదుల్తారు. దాలినాయుడి చిన్నప్పుడు దాన్ని ఇంటర్‌బెల్లు అనేవారు. ప్రభంజనరావుగారు అలాంటి మాట నోటికి తాకనివ్వరు. "ఆటవిడుపు. అచ్చమైన తెలుగు. ప్రతి కేంద్రమునందును పూట కొకసారి ఆటవిడుపు ఇచ్చి తీరవలెను. తమరెప్పుడిచ్చుచున్నారు?"

"రోజల్లా ఆడతానే ఉంటాది కదండీ. మళ్లీ ఇడుపేటండి?"

ఆయన ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ ముఖంలో మబ్బు పట్టినట్టు ఆలోచన కమ్ముకోవడం దాలినాయుడు చూశాడు. చూసి భయపడ్డాడు కూడా.

"తమరు చాలా లోతైన ప్రశ్న వేసినారు. ఆటవిడుపు. విగ్రహ వాక్యమేమి? ఆట కొరకు విడుపు. చతుర్థీ తత్పురుషము. సాధారణ పాఠశాలలో చదువు నుండి విడిచి, ఆట కొరకు పంపెదరు. సరి. కాని ఇచ్చట ఆటయే చదువు. ఆట నుండి ఆట కొరకు విడుచుట అసంభవము. కనుక ఇచ్చట విగ్రహ వాక్యము మారవలెను. ఆట వలన విడుపు. పంచమీ తత్పురుషము!"

"అంటే ఏటండి?"

"ఆటవిడుపు సమయమున బాలిక ఆడరాదు."

జిల్లాకి రాశారు. జిల్లా వాళ్లు పండితుణ్ణి పిలిపించి, పంచమే ఒప్పన్నారు. మర్నాటి నుంచి దాలినాయుడు పొద్దున్న కర్రు కొట్టి కూతుర్ని ఆడమనేవాడు, కాసేపటికి మళ్లీ కొట్టి మానమనేవాడు, ఇంకాసేపటికి మూడోసారి కొట్టి మళ్లీ ఆడమనేవాడు. గౌరీశ్వరి తాటికాయ బండి ఎత్తిన చేత్తో ఎత్తినట్టే ఆగిపోయేది. బండి ఎక్కడికి పోతోందో, దాన్లో ఎవరు కూచున్నారో, ఆ సంగతంతా మూడో గంట మోగేసరికి మర్చిపోయేది.

కొన్నాళ్లకి పిల్ల పొద్దున్నే లేవగానే పొట్ట పట్టుకోవడం మొదలెట్టింది.

"ఏటమ్మీ?"

"కడుపు నొప్పి. ఇయ్యాల ఆటకెల్లను."

ఎండలో దమయంతి గొడుగు పట్టుకుని వెంటపడి ఆడించింది. దాలినాయుడు బెల్లం ముక్క చూపించాడు. "ఆడీసి వొచ్చీ తల్లీ, తొందరగా ఆడీసుకుంటే అయిపోద్ది" అని బతిమాలుతూ, ఆ మాట తన చెవినే పడి సిగ్గుపడ్డాడు. గౌరీశ్వరి వెళ్లి కాగితం పడవ మడిచేది, ఒకటి, రెండు, చెప్పినన్ని. మడిచి చేతులు కట్టుకునేది. "అయిపోనాదా నాన్నా?"

కానీ ఆటవిడుపులో మాత్రం పిల్ల ఎక్కడికో మాయమయ్యేది. ఓ రోజు దాలినాయుడు వెతుక్కుంటూ వెళ్తే గాదె వెనకాల తల్లీ కూతుళ్లు కూచుని ఉన్నారు. దమయంతి ముగ్గుపిండితో నేల మీద అక్షరం పెడుతోంది. పిల్ల ఎరువుల బస్తా మీద అదే అక్షరం వెతికి పట్టుకుని కిసుక్కున నవ్వుతోంది.

"నాన్నా, సెప్పకు! మేం దొంగతనంగా సదువుకుంతన్నాం."

పిల్ల నవ్వి చాలా కాలమైంది. దాలినాయుడు ఏమీ అనకుండా వెనక్కి వచ్చి, మూడో గంట కాస్త ఆలస్యంగా కొట్టాడు.

తల్లిదండ్రుల సమావేశం నాడు ప్రభంజనరావుగారు స్వయంగా వచ్చారు. ప్రధానోపాధ్యాయుడు కుర్చీలో, తల్లిదండ్రులు చాప మీద కూచోవాలన్నారు. దాలినాయుడు కుర్చీలో కూచుని "రండి, కూసోండి" అని, లేచొచ్చి చాప మీద కూచున్నాడు. తండ్రిగా ఏమడగాలో తోచక మళ్లీ కుర్చీలోకి పోతుంటే దమయంతి అందుకుంది.

"ఏటండి మేష్టారూ, మా గుంట ఇదివరకు సక్కగా ఆడేది. మీ కేంద్రంలో ఎట్టినకాడ్నించి ఆట మర్సిపోనాది. మీరేటి సెప్తన్నారో ఏటో!"

"అదేనమ్మా మరి, నానూ..." అని దాలినాయుడు కుర్చీలో ఒదిగాడు.

"గుంటోలయ్య కూడా శుద్ధ ఎదవండి మేష్టారూ. ఇంటికాడ ఏటీ పట్టించుకోడు."

ప్రభంజనరావుగారు గబగబా రాసుకుంటున్నారు. "బాలిక ఆటలో వెనుకబడినదా?"

దమయంతి నాలిక కరుచుకునేలోపే గాదె వెనక నుంచి గౌరీశ్వరి గొంతు వినబడింది. సన్నగా, కూడబలుక్కుంటూ. "యూ... రి... యా."

ఆయన లేచి వెళ్లి చూశారు. తిరిగొచ్చినప్పుడు ఇంట్లో దొంగసారా పట్టుకున్న పోలీసులా ఉన్నారు.

"చదువుచున్నది! విద్యా కేంద్రమునందు బాలిక చదువుచున్నది! దాలినాయుడుగారూ, మీపై శాఖ ఎంతో నమ్మకముంచినది."

తీర్మానం అప్పటికప్పుడే అయిపోయింది. పిల్ల ఆటలో వెనుకబడింది, పైగా చదువుకి అలవాటుపడింది. జిల్లా నుంచి సంఘం వచ్చి పిల్లని ఆడించి చూస్తుంది. సంఘం ముందు ఆడకపోతే, సదరు బాలికను జిల్లా కేంద్రంలోని క్రీడా పునర్వికాస ఆవాస శిబిరానికి పంపుతారు. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి.

"ఎన్నాళ్లండి?" అంది దమయంతి. ఆవిడ గొంతు అంత సన్నగా రావడం దాలినాయుడు పెళ్లప్పుడు కూడా వినలేదు.

"ఆట వచ్చువరకు."

మర్నాడు దాలినాయుడు మండలం ఆఫీసుకి పోయి ప్రభంజనరావుగారి బల్ల ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, జన్మలో ఎన్నడూ లేనంత పొడుగ్గా మాట్లాడాడు. "బాబూ, ఇది ఇదానమూ కాదు, ఏటీ కాదండి. గెడ్డ దాటించడానికి బద్ధకించి బడి మాన్పించినాను. ఋతువూ నేదు, గితువూ నేదండి. బోర్డు పీకీసుకుని నన్నొగ్గీండి."

ప్రభంజనరావుగారి కళ్లు చెమర్చాయి. "ఎంతటి వినయము! ఇంతటి సాధన చేసియు బద్ధకమని చెప్పుకొనుచున్నారు. ఈ వాక్యమును మా వార్షిక నివేదికలో వేసెదము."

సంఘం వచ్చింది. పెద్దావిడ విశాలాక్షమ్మగారు, జిల్లా అధికారి. ఆవిడ వెంట పిల్లల మనస్సు చదివే డాక్టరొకాయన. ప్రభంజనరావుగారు సరేసరి. దొడ్లో ముగ్గురికీ కుర్చీలు వేశారు. నేల మీద తొక్కుడుబిళ్ల గళ్లు గీశారు. అది అన్ని ఋతువులకీ పనికొచ్చే ఆటట.

దమయంతి ఆ పొద్దున పిల్లకి తలదువ్వుతూ నాలుగుసార్లు జడ విప్పి మళ్లీ వేసింది. గుడ్డల సంచీ సర్ది గదిమూల పెట్టింది. సర్దినందుకు తనని తానే తిట్టుకుని, విప్పి, మళ్లీ సర్దింది.

దాలినాయుడు కర్రు కొట్టాడు. "ఆడుము" అన్నారు విశాలాక్షమ్మగారు.

గౌరీశ్వరి గళ్ల ముందు నిలబడింది. చేతులు కట్టుకుంది. కుర్చీల్లో కూచున్న ముగ్గుర్నీ వరసగా చూసింది. "నానేటి తప్పు సేశాను?" అంది.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. "కాలు ఎత్తుము" అన్నారు ప్రభంజనరావుగారు. పిల్ల కాలెత్తింది. ఎత్తి అలాగే ఉంది. దించమంటే దించింది. విశాలాక్షమ్మగారు గడియారం చూసి, "శిబిరానికి..." అని మొదలెట్టారు.

అక్కడ దాలినాయుడికి మతి పోయింది. పంచె ఎగ్గట్టి గళ్లలోకి దూకాడు. "ఇలగమ్మీ, సూడు, ఇలగే! ఏటీ కాదు, ఇలగ గెంతడమే!" అంటూ ఒంటికాలి మీద బిళ్లని నెట్టాడు. రెండో గడి, మూడో గడి. మోకాలు పట్టుకుంది, అయినా ఆగలేదు. కుర్చీల్లో నవ్వుతున్నారో లేదో చూడలేదు. చూడాల్సింది పిల్ల ముఖం ఒక్కటే.

"గీత!" అని అరిచారు ప్రభంజనరావుగారు.

"నేదండి, తగల్లేదు."

"తగిలెను! బొటనవ్రేలు తగిలెను! నేను చూచితిని!"

"మా ఊళ్లో బొటనేలికి ఔటు నేదండి."

"ఏ ఊళ్లో లేదురా?" ప్రభంజనరావుగారి గ్రాంథికం ఎక్కడో జారి పడిపోయింది. "పక్కూరోణ్ణి నాకు సెప్తావేటి! లెగు, అవతలికి లెగు. గెంతడం ఎలగో సూపిస్తాను." చెప్పులు విడిచి గళ్లలోకి దిగారు. రెండో గడిలోనే బిళ్ల గీత మీద కూచుంది. లేదు లోపలే ఉందన్నారాయన. బయటుందన్నాడు దాలినాయుడు. గీత మీద పడితే మళ్లీ మొదటికి రావాలని డాక్టరు తీర్పు చెప్పాడు. మధ్యలో నీకేమి తెలుసని ఇద్దరూ డాక్టరు మీద పడ్డారు.

"ఆగండి! మీ ముగ్గురికీ రాదు" అని లేచారు విశాలాక్షమ్మగారు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, బిళ్లని అరచేతిలో ఊది, వేశారు. ఒంటికాలి మీద నాలుగో గడి వరకూ పక్షిలా వెళ్లిపోయారు. ముప్పై ఏళ్ల ఆఫీసు ఆ ఒంట్లోంచి ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

ఠంగున కర్రు మోగింది.

గౌరీశ్వరి పీటెక్కి నిలబడి ఉంది, చేతిలో రాయితో. "ఆటవిడుపు" అంది. "ఇప్పుడు ఎవులూ ఆడకూడదు."

విశాలాక్షమ్మగారు ఒంటికాలి మీద ఉన్నపళంగా ఆగిపోయారు. దించితే ఔటు. గెంతితే నిబంధన ఉల్లంఘన. దించాలో వద్దో చెప్పగల అధికారి జిల్లాలో ఆవిడకి పైన లేరు. ప్రభంజనరావుగారు పంచమీ విభక్తిని నోట్లోనే మింగారు. అంతా కదలకుండా నిలబడ్డారు. ఆవిడ ఊగుతోంది. చివరికి దమయంతి వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూచోబెట్టి, మంచినీళ్లిచ్చింది.



నివేదిక రాయాలి. అక్కడ ఆట జరిగిందని అందరికీ తెలుసు. గెడ్డ అవతల స్కూటరు దగ్గర కాపలా ఉన్న బంట్రోతుకి కూడా కేకలు వినబడ్డాయి. ఆడింది సంఘం అని రాయడం కుదరదు. ఎవరూ ఆడలేదని రాయడం కూడా కుదరదు. ముగ్గురూ జామచెట్టు కిందికి వెళ్లి తలలు దగ్గర పెట్టారు. తిరిగొచ్చి విశాలాక్షమ్మగారు చదివారు.

"పరీక్షా సమయమున కేంద్ర విద్యార్థి మిక్కిలి ఉత్సాహముతో ఆడియున్నాడు. మోకాలి నొప్పిని సైతము లెక్కచేయలేదు. ఉత్తీర్ణుడైనాడు. విద్యార్థి నామధేయము బూరి దాలినాయుడు. ఇదివరకటి నమోదునందు పొరపాటున బాలిక పేరు చేరినది. సవరించడమైనది."

"మరి గుంటండి?" అంది దమయంతి.

"ఆమె పేరు ఏ కేంద్రమునందును లేదు. కనుక ఆమె బడి ఈడున్నను బడిలో లేని బాలిక." ప్రభంజనరావుగారి గొంతు కటువైంది. "ఇది మిక్కిలి శోచనీయము. రేపే పాఠశాలలో చేర్పించవలెను. లేనియెడల తండ్రిపై చర్య తీసుకొనబడును."

దమయంతి గదిలోకి పోయి మూలనున్న సంచీలోంచి గౌన్లన్నీ ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. దాలినాయుడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. ప్రభంజనరావుగారి కాళ్లకి దండం పెట్టాడు. "బావుందిరా, కానీ గీత తొక్కావు" అన్నారాయన మెల్లిగా.

అలా దాలినాయుడు ఊళ్లో విద్యార్థి అయ్యాడు. పొద్దున్నే పిల్లని భుజానికెక్కించుకుని గెడ్డ దాటించి బళ్లో వదిలి వస్తాడు. నడుం పట్టేసినా పట్టేసిందని ఎవరికీ చెప్పడు. వచ్చాక పట్టికలో ఉన్న ఆట ఆడతాడు. హేమంతానికి గడ్డి బొమ్మలు, శిశిరానికి ఎండుటాకుల మాల. జామచెట్టు దగ్గరికి పోవాలంటే సంరక్షకురాలిగా దమయంతి సంతకం పెట్టాలి. "ఏటికి? ఎంతసేపు? ఎవులితో?" అని అడిగి గానీ పెట్టదు. కలుపు తీసే ఆడాళ్లు గట్టు మీద ఆగి, "ఏటి నాయుడూ, ఓంవర్కు అయిపోనాదా?" అంటారు. "ఆకులు సాల్లేదమ్మా" అంటాడు, ఉన్నది ఉన్నట్టు. కేంద్రం రద్దు చెయ్యమని మాత్రం మళ్లీ అడగలేదు. అడిగితే ఎవరి పేరు తీసి ఎవరి పేరు చేరుస్తారో అతనికి నమ్మకం లేదు.

బళ్లో గౌరీశ్వరి బుద్ధిగానే ఉంటోందట. పలకెత్తమంటే ఎత్తుతుంది, పాడమంటే పాడుతుంది. ఇంటర్‌బెల్లు కొడితే మాత్రం గోడవార చేతులు కట్టుకుని నిలబడుతుందని మేష్టారు చెప్పాడు. ఆ మాట విన్న రోజున దాలినాయుడు అన్నం సగంలో లేచాడు.

మాఘమాసంలో ఓ సాయంత్రం పిల్లని తీసుకొస్తున్నాడు. ఊరి రోడ్డుకని కంకర పోయించి వదిలేశారు దారి పొడుగునా. ఓ కుప్ప దగ్గర గౌరీశ్వరి, "దింపు" అంది. దింపాడు. పిల్ల కాసేపు కుప్ప చుట్టూ తిరిగింది. ఓ రాయి తీసింది. పక్కన ఇంకో రాయి పెట్టింది. చిన్నదొకటి వెతికి రెంటి మధ్యా దూర్చింది. బాదం ఆకు తెచ్చి మూడింటి మీదా కప్పింది. ముని వేళ్ల మీద దూరంగా వెళ్లి, మళ్లీ వచ్చి, ఆకు కొసెత్తి తొంగిచూసి, "ఇంకా నేదు" అని తనలో తాననుకుని కప్పేసింది.

దాలినాయుడు ఓ అడుగు వెనక్కి వేశాడు.

వెనకాల స్కూటరు ఆగింది. ప్రభంజనరావుగారు. శీతాకాలం ముగింపు తనిఖీకి దాలినాయుడి ఆకుల మాల చూడ్డానికే వస్తున్నారు. కంకర కుప్ప వైపు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. చెయ్యి సంచీలోని పట్టిక మీదికి పోయింది.

"సదరు బాలిక ఏమి చేయుచున్నది?"

దాలినాయుడు కుప్పకీ ఆయనకీ మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"ఏటీ నేదు బాబూ. ఖాళీగా ఉందండి."

"ఖాళీగానా?"

"ఖాళీగానేనండి."

ఆయన పట్టిక పైనుంచి కింది దాకా వేలు జరిపారు. తిప్పి వెనక వైపు కూడా చూశారు. "ఖాళీకి మా వద్ద ఋతువు లేదు" అని, కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, స్కూటరు తన్నారు. బండి డబడబా మోగుతూ మలుపు తిరిగింది.

గౌరీశ్వరి కోపంగా వెనక్కి తిరిగింది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా మాటాడు నాన్నా. లెగిసిపోతాయి."

దాలినాయుడు కంకర మీద చప్పుడవకుండా కూచున్నాడు.